పసుపు లారీలో ఎడమ సీటు

హరుయే గారికి, ఒబాతా కుటుంబ సభ్యులకు, కామిసావా పద్నాలుగు ఇళ్ల వారికి, వంతెన దాటి ఇంత దూరం పైకి వచ్చిన కింది ఊరి పెద్దలకు నా నమస్కారం.

మీ బూట్ల మీది మంచు ఇంకా కరగలేదు. ఈ పాత బడి హాలులో పొయ్యి ఒక్కటే ఉంది. దాని వేడి ముందు వరుసకే సరిపోతున్నది. కనుక వెనుక కూర్చున్నవారు కోట్లు విప్పనక్కరలేదు. ఒబాతా మసాకిచి గారు ఈ సభలో ఉండి ఉంటే వారూ విప్పేవారు కారు. పెళ్లికి వెళ్లినా, చావుకు వెళ్లినా నూనె మరకల కోటుతోనే కూర్చునేవారని మీకందరికీ తెలుసు.

ఒబాతా గారు గడచిన మంగళవారం ఉదయం తమ ఇంటి గడపలో బూట్లు తొడుక్కుంటూ మరణించారు. వయసు డెబ్బై ఎనిమిది. ఒక బూటు కాలికి ఉంది, రెండవది చేతిలో ఉంది. బయట మోకాలి లోతు కొత్త మంచు ఉంది. ఇది మనకు నష్టమే. దీన్ని అకాల మరణమని మాత్రం నేను అనను. ఒక మనిషి ఉదయం పనికి బయలుదేరుతూ పోయాడు. అంతకు మించి అలంకరిస్తే ఆయనకు నచ్చదు.

నన్ను మాట్లాడమన్నది ఆయన భార్య హరుయే గారు. నా పేరు మగారా షోయిచి. ఈ ఊరివాడినే. కింద కట్టెల మిల్లులో పని చేస్తాను. ఆ పని చేస్తూనే సాయంకాలపు బడిలో చదివి, పెద్ద వయసులో ఉన్నత పాఠశాల పట్టా తీసుకున్నాను. ఒబాతా గారు నడిపిన మంచు తోసే లారీలో పదకొండు చలికాలాలు ఎడమ సీటులో కూర్చున్నాను. "నువ్వు చదువుకున్నవాడివి నాయనా, ఏడవకుండా మాట్లాడతావు" అని హరుయే గారు అన్నారు. చదువుకూ ఏడవకపోవడానికీ సంబంధం ఏమిటో నాకు తెలియదు. ప్రయత్నిస్తాను.

మిత్రులారా, ముందు ఆ లారీ సంగతి చెప్పాలి. ఇప్పుడు బయట గడగడమని వినిపిస్తున్నది అదే. సభ జరుగుతుండగా ఇంజను ఆపకపోవడం మర్యాద కాదని నాకు తెలుసు. ఎందుకు ఆపలేదో చివర మనవి చేస్తాను.

పట్టణ కార్యాలయం ఆ పసుపు లారీని పాత ఇనుము కింద అమ్మేయబోయింది. అప్పటికే అది ముసలిది. వంతెన నుంచి కామిసావా దాకా ఉన్న కొండదారిలో ఇక చలికాలం మంచు తీయలేమని, మంచు కరిగేదాకా వంతెన దగ్గరి ఇనుప గేటు దించుతామని, పైవారందరూ చలికాలానికి కింది ఊరి అద్దె ఇళ్లలోకి రావాలని అన్నారు. ఆ ఇళ్లు వెచ్చగా ఉంటాయి. ఆసుపత్రి దగ్గర. ఆ మాటలో అన్యాయమేమీ లేదు. అయితే చలికాలమంతా మనిషి లేని ఇంటి పైకప్పు మీద మంచు తీసేదెవరు? రెండు మూడు చలికాలాలు గడిస్తే పైకప్పు కూలుతుంది. పైకప్పు కూలిన ఇంటికి వసంతంలో తిరిగి వచ్చేదెవరు? గేటు దించడమంటే ఒక్క చలికాలానికి దించడం కాదని ఒబాతా గారికి అర్థమైంది. ఆయన కార్యాలయానికి వెళ్లి ఆ లారీని అడిగారు. కార్యాలయం ఇచ్చింది, ఒక షరతు పెట్టి. డీజిల్ పట్టణానిది, మనుషులు కామిసావావారు. లారీ ఆగిపోయి, వరుసగా మూడు రోజులు ఏ వాహనమూ పైకి రాలేకపోతే గేటు దించుతారు. ఆ తరువాత ఎత్తరు.

పెద్దలారా, ఒబాతా మసాకిచి గారు మంచివారని చెప్పడానికి నేను ఇక్కడ నిలబడలేదు. ఆయన గొంతు పెద్దది. మెప్పు అన్నది ఆయన నోట వచ్చిన సందర్భం నేను ఎరగను. ఆ లారీని ఆయన ఒంటిచేత్తో బతికించారని కింది ఊళ్లో అనుకుంటారు. అది నిజం కాదు. ఆయన గొప్ప మెకానిక్కు కారు. విప్పిన నట్టు ఏ బోల్టుదో మరచిపోయి నా మొహం చూసేవారు. మరి ముప్పై ఏళ్లు దాటిన లారీ ఒక్కొక్క చలికాలాన్నీ ఎట్లా దాటింది? దానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి ఎట్లా పుట్టిందో చూసినవారు ఈ హాలులో ఉన్నారు.

మంచు తోసే బండి దారి మీది మంచును పక్కకు నెడుతుంది. పక్కన ఏముంటాయి? ఇళ్ల వాకిళ్లు ఉంటాయి. తెల్లవారకముందే లేచి వాకిలి శుభ్రం చేసుకున్న మనిషి ముందు బండి వచ్చి మరొక గట్టు పోసి పోతుంది. అది గట్టిపడిన మంచు. పారకు లొంగదు. మొదటి చలికాలంలోనే ఒక ఉదయం కిక్కావా తొమే అవ్వ పార పట్టుకుని లారీకి అడ్డంగా నిలబడ్డారు. "ఒరేయ్ మసా, దేవుడు పోసిన మంచు నేను తీసుకుంటా. నువ్వు పోసిన మంచు ఎవడు తీస్తాడురా?" అన్నారు. ఆయన దిగారు. క్షమాపణ చెప్పలేదు. బ్యాటరీ పెట్టె మూత తెరిచి, తీగలు ఊడదీసి, ఆ బరువైన బ్యాటరీని మోసుకొచ్చి, అవ్వ మంచు మీద సామాను లాగే జారుబండి మీద పెట్టారు. "చలికి రాత్రంతా బయటుంటే ఇది చచ్చిపోతోందక్కా. మీ ఇంట్లో పొయ్యి దగ్గర పడుకోబెట్టు. పొద్దున్నే నువ్వు తెస్తేనే బండి కదుల్తుంది. నా మీద కోపముంటే తేకు" అన్నారు.

మరుసటి ఉదయం తొమే అవ్వ పాత బొంతలో చుట్టిన బ్యాటరీని జారుబండి మీద లాక్కుంటూ, ఒబాతా గారికంటే ముందే లారీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "ఇంకా నిద్రపోతున్నావా, ముసలోడా?" అని కిటికీ కొట్టారు. అవ్వ ఆయనకంటే ఎనిమిదేళ్లు పెద్ద.

అప్పటినుంచి అది ఊరి ఆచారమైంది. ఫిర్యాదు చేసినవారికి లారీలో ఒక భాగం. మంచులో జారకుండా చక్రాలకు చుట్టే గొలుసుల చప్పుడుకు నిద్ర పట్టడం లేదన్నవారికి ఆ గొలుసులు ఇచ్చారు. వాటి కొక్కేలు సరిచేసి ఉంచడం వారి పని. పొగ వాసన అన్న ఇంటికి డీజిల్ వడపోత గొట్టాలు. దీపాలు కళ్లలో పడుతున్నాయన్నవారికి దీపాలు. ఏ ఫిర్యాదూ చేయని ఇల్లు ఒకటి మిగిలింది. వారికి ఏ భాగమూ దక్కలేదు. రెండేళ్లు చూసి వారు ఆయన దగ్గరికి వచ్చి, "అందరికీ ఇచ్చావు, మేమేం పాపం చేశాం?" అని నిలదీశారు. అదీ ఫిర్యాదే గనుక ఆయన వారికి జాకీ ఇచ్చారు.

దీన్ని ఏమనాలి? ఊరిమీది ప్రేమ అనాలా? జిత్తు అనాలా? పదకొండు చలికాలాలు పక్కన కూర్చున్న నేను కూడా తేల్చుకోలేకపోయాను. పద్నాలుగు ఇళ్లలో ఏ ఒక్క ఇల్లు తలుపు తీయకపోయినా ఆ లారీ కదలదన్నది మాత్రం నిజం. లారీని తిట్టే హక్కు అందరికీ ఉండేది. దాన్ని వదిలేసే వీలు ఎవరికీ ఉండేది కాదు.

ఇక రెండవ సంగతి. హరుయే గారూ, ఇది చెప్పడానికి నిన్ననే మీ అనుమతి తీసుకున్నాను.

మంచు బాగా పడితే దారి ఏదో పొలం ఏదో తెలియదు. అందుకని శరత్కాలంలోనే దారి అంచు పొడవునా వెదురు కర్రలు పాతి, కొసకు ఎర్రగుడ్డ కడతాం. లారీ నడిపేవాడు ఆ గుడ్డలను చూసి నడుపుతాడు. ఇది ఒక ఆచారం. మన ఆడవాళ్లు క్యాబేజీలను పొలంలో మంచు కింద పాతిపెడతారు, తీపెక్కుతాయని. పాతిన చోటు మళ్లీ దొరకాలి గనుక అక్కడా ఒక వెదురు కర్ర పాతి గుడ్డ కడతారు. ఇది మరొక ఆచారం. రెండూ మన తాతల నాటివి. రెండింటికీ ఎన్నడూ పేచీ రాలేదు. ఒక ఏడాది హరుయే గారు తమ క్యాబేజీలను దారి మలుపు దగ్గరి మడిలో పాతారు. చేతికి దొరికిన గుడ్డ కట్టారు. అది ఎర్రది.

ఆ ఉదయం గాలి, మంచు కలిసి కొడుతున్నాయి. ఒబాతా గారు ఎర్రగుడ్డ తరువాత ఎర్రగుడ్డ చూసుకుంటూ నడుపుతున్నారు. మలుపు దగ్గర గుడ్డ నేరుగా ముందుకు రమ్మన్నది. ఆయన నేరుగా వెళ్లారు. ఎడమవైపు చూడవలసినవాడిని నేను. ఎడమవైపు నాకు కనిపించింది తెలుపు మాత్రమే. లారీ ముందుకు ఒరిగి, మడిలోకి దిగి, క్యాబేజీల మీద ఆగింది.

అది కామిసావాకు నిజమైన ఆపద. మొదటి రోజు లారీని లాగడానికి ప్రయత్నించి విఫలమయ్యాం. రెండవ రోజు మంచు మళ్లీ పడింది. మూడవ రోజు గేటు తాళం చెవితో కార్యాలయం వారు వంతెన దగ్గరికి వస్తారని కబురు వచ్చింది. కొందరు అద్దె ఇళ్లకు తీసుకువెళ్లవలసిన సామాను కట్టడం మొదలుపెట్టారు. నేనూ ఒక పెట్టె దించాను. అప్పుడు ఒబాతా గారు మా అందరి ఇళ్ల ముందూ నడుస్తూ ఒకే మాట చెప్పుకుంటూ పోయారు. "బండి గోతిలో పడింది. దారి గోతిలో పడలేదు కదా." అంతే అన్నారు. ఎవరినీ రమ్మనలేదు.

పారలు పట్టుకుని ఊరంతా బయలుదేరింది. వెడల్పు దారి కాదు మనం తవ్వింది. ఉత్తరాల చిన్న వ్యాను పట్టేంత వెడల్పు. షరతులో వాహనం అని ఉంది, ఎంత వాహనమో లేదు. మూడవ రోజు పొద్దు వాలేటప్పటికి ఆ వ్యాను రెండు వైపులా మంచుగోడలకు అద్దాలు గీసుకుంటూ పైకి వచ్చింది. అందులో ఒక్క ఉత్తరం కూడా లేదు. పట్టణ కార్యాలయ విభాగాధిపతి కికుచి గారు ఆ రోజు వంతెన దగ్గర నిలబడి దాన్ని చూశారు. తాళం చెవి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. వారు ఇప్పుడు రెండవ వరుసలో ఉన్నారు. నేను చెప్పినదాంట్లో పొరపాటుంటే సరిదిద్దవచ్చు.

ఆ సాయంత్రం లారీ కింద నలిగిన క్యాబేజీలన్నీ ఇదే హాలులో, సోయా ముద్ద కలిపిన మిసో పులుసులో ఉడికాయి. హరుయే గారు తలవంచుకుని వడ్డించారు. ఒబాతా గారు ఒక గిన్నె పూర్తిగా తాగి, "తియ్యగానే ఉన్నాయి. దీనికోసమేనా నన్ను బండితో సహా పిలిచావు?" అన్నారు. హరుయే గారు తల ఎత్తకుండానే, "పిలిస్తే ఇంటికి రాని మనిషివి, గుడ్డ ఊపితే వచ్చావుగా" అన్నారు. మరుసటి వారం, లారీ మళ్లీ దారెక్కాక, ఆయన తన నీలం పనిచొక్కా ఒకటి చింపి ముక్కలు చేసి ఇంటింటికీ పంచారు. కామిసావాలో దారికి ఎరుపు, క్యాబేజీకి నీలం అన్న నియమం అప్పటిది. పిల్లలకు అది ఎప్పటినుంచో ఉన్నదనిపిస్తుంది. కాదు. అది ఒక చొక్కా.

మూడవ సంగతి చిన్నది. ఈ చలికాలపు మొదటి మంచు నాటిది.

ఒబాతా గారు అంతదాకా ఎవరికీ ఆ లారీ స్టీరింగు ఇవ్వలేదు. పెద్ద వాహనాలు నడిపే లైసెన్సు నాకు నాలుగేళ్ల నుంచి ఉంది. పరీక్ష మొదటిసారే పాసయ్యాను. ఆ కార్డు చూపించినప్పుడు ఆయన, "బాగుంది పంతులూ. ఫోటోలో కూడా ఎడమకే చూస్తున్నావు" అన్నారు. నన్ను పంతులు అనే పిలిచేవారు, సాయంకాలపు బడికి వెళ్లిన నాటినుంచి. వెక్కిరింపుగానే.

ఈ ఏడాది మొదటి మంచు పడిన ఉదయం అలవాటు ప్రకారం నేను ఎడమ తలుపు దగ్గరికి వెళ్లాను. ఎడమ సీటులో ఆయన కూర్చుని ఉన్నారు. నడుముకు పట్టీ కూడా పెట్టుకున్నారు. నేను బయట నిలబడిపోయాను. "ఏం చూస్తావ్? చలేస్తోంది, తలుపేసి అటు ఎక్కు" అన్నారు. కళ్లు మసకబారుతున్నాయని హరుయే గారికి కూడా ఆయన చెప్పలేదట. నాకూ చెప్పలేదు. సీటు మారారు, అంతే.

ఎడమ సీటులో కూర్చున్నవారి పని ఎడమవైపు చూడటం. లారీ ముందున్న మంచు పార అంచుకు బావి గట్టు తగులుతుందా, దారి పక్క రాతి దేవుడు తగులుతాడా చూసి చెప్పాలి. ఆయన ఒక్కసారీ ఎడమవైపు చూడలేదు. నా చేతులే చూశారు. "పంతులూ, గేరు మార్చమని నీకు ఉత్తరం రాయాలా?" "అది స్టీరింగురా, పలక కాదు, అంత గట్టిగా పట్టుకోకు." ఇట్లా కొండ దిగినంతసేపూ సాగింది. ఆయనంత చెడ్డ ఎడమ సీటు మనిషిని నేను చూడలేదు. వంతెన దగ్గర బండి తిప్పుతుంటే, ఎత్తి ఉన్న ఇనుప గేటు కనిపించింది. దాని మీద మంచు పేరుకుని ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, "తుప్పు పట్టి ఉంటుంది. ఇక దిగదులే" అన్నారు.

మిత్రులారా, ఆ మాట ఆయన ఎవరికోసం అన్నారు? నాకోసమా, తన కోసమా? నేను తరువాత కికుచి గారిని అడిగాను. ఆ గేటు తుప్పు పట్టలేదు. ప్రతి శరత్కాలంలోనూ కార్యాలయం వారు దాని కీళ్లకు నూనె వేయిస్తారు. దించితే దిగుతుంది.

గడచిన మంగళవారం ఉదయానికి వస్తాను. లారీ దగ్గర నేను, బ్యాటరీతో తొమే అవ్వ నిలబడి ఉన్నాం. ఒబాతా గారు రావడం ఆలస్యమైంది. హరుయే గారు తలకు గుడ్డ లేకుండా పరుగెత్తి వచ్చారు. చెప్పవలసినది చెప్పారు. నేను ఆ ఇంటివైపు కదలబోయాను. తొమే అవ్వ నా చేయి పట్టుకుని, "నువ్వెళ్లి ఏం చేస్తావు? డాక్టరు పైకి ఎట్లా వస్తాడు?" అన్నారు. బ్యాటరీ బిగించాం. అవ్వ తానే ఎడమ సీటులోకి ఎక్కారు. అవ్వకు కళ్లు సరిగ్గా కనపడవు. అయినా ప్రతి బావి దగ్గరా, ప్రతి రాతి దగ్గరా సరిగ్గా అరిచారు. ఆ దారి ఆమెకు కళ్లతో పని లేకుండా తెలుసు. డాక్టరు వచ్చారు. ఆయన చేయగలిగినది ఏమీ మిగలలేదు. కాని దారి తెరిచి ఉంది.

ఈ ఉదయం ఆ సీటులో కూర్చున్నది గురువు గారు, మన గుడి పూజారి. నిన్ననే కర్మకాండ కోసం పైకి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వారికి కృతజ్ఞతలు. అయితే వంతెన దాకా కళ్లు మూసుకుని జపం చేశారు. ఆ సీటులో ఉన్నవారు కళ్లు తెరిచి ఉంచాలని వినయంగా మనవి చేస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. కికుచి గారు ఈ ఉదయం పూలతో వచ్చారు. పూలు పెట్టి, అగరొత్తి వెలిగించి, ఆ తరువాత నాతో మాట్లాడారు. ఇకనుంచి లారీలో ఇద్దరు ఉండాలి. ఇద్దరూ డెబ్బై లోపువారు కావాలి. ఆ ఇద్దరి పేర్లు రేపటి లోగా చెప్పాలి. లేకపోతే గేటు దించక తప్పదు. ఆ మాట చెప్పేటప్పుడు వారు నా మొహం చూడలేదు. ఆ నియమం నాకు నచ్చలేదు. కాని అది తప్పుడు నియమం కాదు. ఒంటరి మనిషిని ఆ మలుపులో నేనూ పంపను.

కుడి సీటుకు నా పేరు ఇచ్చాను. ఎడమ సీటుకు పేరు లేదు.

కామిసావాలో డెబ్బై లోపువారం నాతో కలిపి ఐదుగురం. మిగిలిన నలుగురిలో అద్దె ఇళ్ల గురించి ఆలోచిస్తున్నవారు ఉన్నారు. వారిని పిరికివారని ఎవరూ అనకండి. నేనూ ఒకసారి పెట్టె దించినవాడినే. కింది ఊరి నుంచి వచ్చినవారిలో ఇదే హాలులో అక్షరాలు నేర్చుకున్నవారు చాలామంది కనిపిస్తున్నారు. ఆ సీటుకు లైసెన్సు అక్కరలేదు. తెల్లవారకముందే లేవగలగాలి. ఎడమవైపు చూడగలగాలి. నా గేర్ల మీద వ్యాఖ్యలు చేయదలిస్తే చేయవచ్చు, నాకు అలవాటైపోయింది. ఫిర్యాదులున్నవారికే ముందు అవకాశం. దారి మీద ఫిర్యాదు ఉండవచ్చు, పట్టణం మీద ఉండవచ్చు, మసాకిచి గారి మీద ఉండవచ్చు, ఇంతసేపూ సాగిన ఈ ఉపన్యాసం మీదైనా ఉండవచ్చు. ఈ ఊరి ఆచారం మీకు తెలుసు.

అందరూ దయచేసి లేచి నిలబడండి. తొమే అవ్వా, మీరు కూర్చునే ఉండండి. మీరు ఎట్లాగూ వినరనుకోండి.

మౌనం పాటించేటప్పుడు లారీ ఆపమని ఒకరు సలహా ఇచ్చారు. సలహా మర్యాదైనదే. కాని ఈ చలిలో దాన్ని ఆపితే, బ్యాటరీ ఒక రాత్రి అవ్వ పొయ్యి దగ్గర పడుకుంటే తప్ప అది మళ్లీ కదలదు. మనం మాట్లాడుకుంటున్నంతసేపూ బయట మంచు పడుతూనే ఉంది. మీరంతా ఈ సాయంత్రమే కిందికి దిగాలి. అందుచేత మన మౌనంలో ఆ శబ్దం ఉంటుంది. ఒబాతా మసాకిచి గారు దాన్ని లోపం అనుకోరు.

చేతులు జోడించండి. తలలు వంచండి. నేను తల ఎత్తినప్పుడు మౌనం ముగిసినట్టు. అప్పుడు అందరూ కూర్చోవచ్చు.

ఎడమ సీటుకు వచ్చేవారు మాత్రం నిలబడే ఉండండి.